పిరేయస్‌లో కాఫీ బల్ల
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, “గ్రీసులో అన్నేళ్లు ఉన్నావు కదా, దాని గురించి ఓ అరగంట మాట్లాడు” అన్నాడు. సరేనన్నాను. మర్నాడు మా సోషల్ మాస్టారు ఫోన్ చేసి, “ఏరా, సోక్రటీసు గురించి చెబుతావా, అలెగ్జాండరు గురించా?” అని అడిగారు. మాస్టారూ, ఆ ఇద్దరి గురించీ మీరు ఎనిమిదో తరగతిలోనే చెప్పేశారు. నేను పనిచేసిన చోట వాళ్లెవరూ తగల్లేదు. వెల్డర్లు, ఫిట్టర్లు, క్రేన్ ఆపరేటర్లు తగిలారు. వాళ్లు ఏం తింటారు, సాయంత్రం ఎక్కడ కూర్చుంటారు, చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ఎలా బతికారు అన్నది నాకు తెలుసు. అది చెబుతాను.

నేను ఓడల ఇంజినీరునని మీలో చాలామందికి తెలుసు. 2009 నుంచి 2016 దాకా, సెలవులు పోను, పిరేయస్‌లో ఉన్నాను. ఏథెన్స్ నగరానికి రేవు అది. హైదరాబాద్, సికింద్రాబాద్‌ల లాగా రెండూ కలిసిపోయి ఉంటాయి. మధ్య నడిచే రైలు దారిలో మొదటి భాగం 1869 నాటిది. గ్రీసు జనాభా కోటికి కాస్త పైన, అంటే దాదాపు మన హైదరాబాద్ అంత. కానీ మోసే బరువు లెక్కన చూస్తే ప్రపంచంలో సరుకు ఓడలు అందరికంటే ఎక్కువగా ఉన్నది గ్రీకు యజమానుల చేతుల్లోనే. ఆ ఓడల్లో కొన్ని పిరేయస్ పక్కనే ఉన్న పెరమాకు మరమ్మతుకు వస్తాయి. వాటి పని సరిగ్గా జరుగుతోందా లేదా అని చూడడం నా ఉద్యోగం.

మొదటి వారంలోనే గ్రహించిన సంగతి ఏమిటంటే, అక్కడ పనికి సంబంధించిన మాట ఏదీ కాఫీ లేకుండా మొదలవదు. గ్రీకు కాఫీకి మన ఫిల్టరుతో పని లేదు. పిండిలా మెత్తగా విసిరిన పొడిని, చక్కెరని, నీళ్లని ‘బ్రికి’ అనే పొడుగు పిడి చిన్న గిన్నెలో వేసి సన్నని సెగ మీద పెడతారు. నురగ పైకి పొంగే క్షణంలో దింపేయాలి. పొంగిపోతే ఆ నురగ పోతుంది, నురగ లేని కాఫీ ఇస్తే అవమానం చేసినట్టే. చక్కెర తర్వాత వేసుకోవడం కుదరదు, కలిపితే అడుగున ఉన్న మడ్డి లేస్తుంది. అందుకని ముందే చెప్పాలి. చక్కెర లేనిది ‘స్కేటో’, మధ్యస్తం ‘మేత్రియో’, తీపిది ‘గ్లికో’. పక్కన గ్లాసుడు చన్నీళ్లు. రెండు గుక్కల కాఫీతో గంటన్నర కూర్చోవచ్చు, లెమ్మనేవాడు లేడు. దీన్ని ఒకప్పుడు వాళ్లూ టర్కిష్ కాఫీ అనే అనేవారు. 1974లో సైప్రస్ గొడవ తర్వాత ‘గ్రీకు కాఫీ’ అన్న పేరు స్థిరపడింది. కాఫీ మారలేదు, పేరు మారింది. టర్కీవాళ్లకు ఈ విషయం చెప్పకండి, గ్రీకులకు అసలు చెప్పకండి.

వేసవిలో కుర్రాళ్లు తాగేది ఫ్రాపే. 1957లో థెస్సలోనికి అంతర్జాతీయ ప్రదర్శనలో ఒక కంపెనీ ఉద్యోగికి వేడినీళ్లు దొరక్క, ఇన్‌స్టంట్ కాఫీ పొడిని చన్నీళ్లతో షేకర్‌లో వేసి ఊపాడనీ, అలా పుట్టిందనీ చెప్పుకుంటారు. నాకు నచ్చలేదు. నురగ ఎక్కువ, కాఫీ తక్కువ.

ఈ కాఫీ తాగే చోటు పేరు ‘కఫెనియో’. నాలుగు బల్లలు, తడిక అల్లిన కుర్చీలు, గోడకు ఏదో ఓడ బొమ్మ, మూలన టీవీ. బల్ల మీద ‘తావ్లి’ ఆడతారు. రెండు పాచికలతో, పదిహేనేసి కాయలతో ఆడే ఆట. మన పచ్చీసుకు దూరపు చుట్టం అనుకోండి. ఒకే పెట్టె మీద మూడు రకాల ఆటలు వరసగా ఆడతారు. నాలుగూ నాలుగూ పడితే ‘దోర్తియా’ అని అరుస్తారు, అది టర్కిష్ మాట. కొట్లాడుకున్న పొరుగువాడి మాటలు ఆటలో అలాగే ఉండిపోయాయి. కాయని చప్పుడు కాకుండా పెట్టేవాడు ఆటగాడు కాడు, ఠపీమని కొట్టాలి. నాకు ఆ ఒక్కటీ త్వరగా పట్టుబడింది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పాతకాలపు కఫెనియో మగవాళ్ల రాజ్యం. ఆడవాళ్లు బాల్కనీల్లో, వీధి అరుగుల మీద కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. ఇప్పటి పిల్లలు ఆడా మగా కలిసి కొత్తరకం కాఫీ దుకాణాల్లో కూర్చుంటున్నారు. అది మంచి మార్పు.

2010లో గ్రీసు అప్పుల్లో కూరుకుపోయిందని పేపర్లలో రాగానే, ‘పగలంతా కాఫీ తాగుతూ కూర్చునే జాతి, అప్పు చేయక ఏం చేస్తుంది’ అన్న ధోరణి యూరప్‌లో బాగా నడిచింది. మన వాళ్లూ నన్ను ఫోన్‌లో అలాగే అడిగేవారు. నేను లెక్కలు చూసే మనిషిని కాబట్టి లెక్క చెబుతాను. ఆ సంవత్సరాల్లో గ్రీసులో పనిచేసే మనిషి ఏడాదికి సగటున సుమారు 2000 గంటలు పనిచేశాడు. జర్మనీలో అది సుమారు 1400. గ్రీసులో సొంత దుకాణాలు, చేతివృత్తులు, వ్యవసాయం ఎక్కువ. జర్మనీలో సగం పూట ఉద్యోగాలు ఎక్కువ. తేడాకి పెద్ద కారణం అదే. ఎక్కువ గంటలు పనిచేసినంత మాత్రాన ఎక్కువ సంపాదన రాదని ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి కాఫీ బల్ల దగ్గర కనబడిన వెల్డరు పొద్దున ఏడింటికి ట్యాంకులో దిగినవాడు. ఫోటో తీసిన విలేకరికి ఆ పొద్దుటి వేళ కనబడలేదు.

మధ్యాహ్నం కునుకు మాత్రం నిజం. దానికి ‘మెసిమేరి’ అని పేరు. ఎండాకాలంలో మధ్యాహ్నం మూడింటి నుంచి అయిదున్నర దాకా ఇళ్ల దగ్గర చప్పుడు చేయకూడదని పోలీసు నిబంధనే ఉంది. ఆ వేళలో గోడకు డ్రిల్లు పెడితే పక్కింటివాళ్లు స్టేషన్‌కు ఫోన్ చేయవచ్చు. మధ్యాహ్న భోజనం రెండుకీ మూడుకీ మధ్య, రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. జూలైలో అక్కడి ఎండ మన రోహిణి కార్తెను గుర్తు చేస్తుంది. ఆ వేడిలో ఇనుప ఓడ మీద నిలబడినవాడికి ఆ నియమం ఎందుకు పుట్టిందో విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక తిండి. గ్రీసు అనగానే మాంసం చువ్వలు, పైన తెల్ల సాస్ పోసిన ముసాకా అనుకుంటారు. ఆ తెల్ల సాస్ సంప్రదాయం కాదు. త్సెలెమెందెస్ అనే వంటవాడు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రెంచి పద్ధతిలో దాన్ని చేర్చాడు. ఆయన పుస్తకం ఎంత ప్రసిద్ధమంటే, గ్రీకులో వంటపుస్తకానికి ఆయన పేరే స్థిరపడిపోయింది. మామూలు ఇంట్లో వారంలో ఎక్కువ రోజులు తినేది పప్పులు, చిక్కుడు గింజలు, ఆకుకూరలు. చిరుశనగల పులుసు కాదుగానీ, మసూరు గింజల చారు, తెల్ల చిక్కుడు గింజల ‘ఫసొలాదా’. ‘ఫావా’ అని పసుపుపచ్చ పప్పు మెత్తగా ఉడకబెట్టి, పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ వేసి పెడతారు. కళ్లు మూసుకుని తింటే ముద్దపప్పే. అన్నం, ఆవకాయ లేకపోవడం ఒక్కటే లోటు. వేసవిలో ‘వ్లీతా’ అని ఓ కూర వస్తుంది. మొదటిసారి సంతలో చూసి ఆగిపోయాను. తోటకూర! ఉప్పునీళ్లలో ఉడికించి, నూనె, నిమ్మరసం పోసి, కాడలతో సహా తినేస్తారు. పోపు వేయాలని చేతులు దురదపెట్టేవి.

సంత అంటే ‘లైకి’. ఒక్కో వీధిలో వారానికి ఒకరోజు. మధ్యాహ్నం రెండు దాటాక సరుకు మిగిలితే ధర పడుతుంది. పెన్షను మీద బతికే ముసలివాళ్లు అప్పుడే బండి లాక్కుంటూ బయల్దేరేవారు. వాళ్లలో మా ఇంటి యజమానురాలు ఒకరు.

మన శాకాహారులకు ఒక పనికొచ్చే మాట నేర్పుతాను: ‘నిస్తీసిమో’. ఉపవాసం రోజుల్లో తినదగినది అని అర్థం. అక్కడి ఆర్థడాక్స్ చర్చి లెక్కన ఏడాదిలో సగం దాకా ఏదో ఒక ఉపవాసం ఉంటుంది, మాంసం, గుడ్లు, పాలు ఉండవు. ఆ పేరుతో అడిగితే మంచి కూరలు దొరుకుతాయి. కానీ జాగ్రత్త. రక్తం లేనివన్న లెక్కన రొయ్యలు, ఆక్టోపస్ కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. మన కుర్రాడొకడు ఈ మాట నమ్మి ఆర్డరిచ్చి, ప్లేటు చూసి బల్ల దగ్గర నుంచి లేచిపోయాడు.

ఈస్టరుకు ముందు పెద్ద ఉపవాసం మొదలయ్యే రోజును ‘శుద్ధ సోమవారం’ అంటారు. ఊళ్లన్నీ కొండల మీదికి వెళ్లి గాలిపటాలు ఎగరేస్తాయి. ఆ రోజు తినే హల్వా నువ్వులది. ఇంట్లో చేసే రవ్వ హల్వా ఇంకొకటి ఉంది. దాని కొలత పాట లాగా అందరికీ నోటికి వచ్చు: ఒకటి, రెండు, మూడు, నాలుగు. నూనె ఒక కప్పు, రవ్వ రెండు, చక్కెర మూడు, నీళ్లు నాలుగు. ఇంతకంటే చక్కని డిజైన్ ఫార్ములా నేను వృత్తిలో చూడలేదు. మా ఆవిడ నెయ్యితో చేసి కేసరి అంది, నేను కాదనలేదు.

మా ఇంటి యజమానురాలి సంగతి అన్నాను కదా. ఆవిడకు అప్పటికే డెబ్బై అయిదు దాటాయి. రొట్టె ముక్క కింద పడితే తీసి ముద్దుపెట్టుకునేది. మనం మెతుకు కళ్లకద్దుకున్నట్టే. భక్తి అనుకున్నాను. ఒకరోజు ఆవిడే చెప్పింది. 1941-42 చలికాలంలో, జర్మన్ల ఆక్రమణ కింద, ఏథెన్స్, పిరేయస్ వీధుల్లో జనం ఆకలితో పడి చచ్చిపోయారు. ఆక్రమణ కాలమంతటిలో ఆకలి వల్ల పోయినవాళ్లు మూడు లక్షల దాకా ఉంటారని అంచనా. ఆవిడకు అప్పుడు ఏడేళ్లు. ఆ సమయంలో పిరేయస్ రేవుకు తిండిగింజలు తెచ్చిన ఓడ శత్రుదేశం అనుకునే టర్కీది. పేరు కుర్తులుష్. నాలుగుసార్లు వచ్చింది. 1942 జనవరిలో అయిదోసారి బయల్దేరి మర్మరా సముద్రంలో రాతికి తగిలి మునిగిపోయింది. మన బెంగాల్ కరువు ఆ మరుసటేడే. ఓడల మనిషిని కాబట్టి ఆ కథ నాకు ఇంకా లోపలికి వెళ్లింది. మునిగిన ఓడల గురించి మేం రిపోర్టులు చదువుతాం. ఇందులో ఎదురుచూసినవాళ్ల రిపోర్టు ఆవిడ దగ్గర ఉంది.

పిరేయస్ చుట్టుపక్కల పేటలు చాలావరకు కాందిశీకులు కట్టుకున్నవి. 1922లో ఆసియా మైనర్ నుంచి తరిమితే, ఆ తర్వాత 1923 ఒప్పందం కింద మార్పిడి జరిగితే, పది లక్షలకు పైగా జనం కట్టుబట్టలతో వచ్చారు. అప్పటికి గ్రీసు జనాభా అరకోటి. వాళ్లు తెచ్చినవి రెండు ఇప్పటికీ నిలిచాయి. ఒకటి రెబెతికో పాట. హషీషు గుడిసెల పాట అని పెద్దమనుషులు ఈసడించారు, ప్రభుత్వం సెన్సారు చేసింది, 2017లో యునెస్కో జాబితాకెక్కింది. రెండోది జీలకర్ర. స్మిర్నా పద్ధతిలో టమాటా పులుసులో వేసే మాంసపు ఉండల్లో జీలకర్ర వాసన గుప్పుమంటుంది. పక్క వీధిలో అది వండిన రోజు నాకు ఇల్లు గుర్తొచ్చేది.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచింది. అక్కడ బిల్లు పంచుకోవడం పాతవాళ్లకు తెలియదు. ‘కెరాస్మా’ అని ఒక పద్ధతి. ఇవాళ నీ కాఫీ నేను ఇస్తాను, రేపు నువ్వు ఇస్తావు. ఎవరూ పద్దు రాయరు, అందరికీ గుర్తుంటుంది. పుట్టినరోజు కంటే పేరు పండుగ గొప్పది. ఏ సెయింటు పేరు పెట్టుకుంటే ఆ సెయింటు రోజున పండుగ. ఆ రోజు పండుగ చేసుకునేవాడే అందరికీ ఇవ్వాలి. మన స్కూల్లో పుట్టినరోజు పిల్లాడు చాక్లెట్లు పంచినట్టు.

ఈ పద్ధతి డబ్బు ఆడినంత కాలం బాగుంటుంది. 2010 తర్వాత జీతాలు కోశారు, పెన్షన్లు ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ కోశారు. 2013కు నూటికి ఇరవై ఏడుగురికి పని లేదు. పెరమాలో మరమ్మతుకొచ్చే ఓడలు తగ్గి, వెల్డర్లు వారంలో ఒకరోజు పని దొరికితే గొప్ప అనే స్థితికి వచ్చారు. 2012లో కటెరీని అనే ఊళ్లో రైతులు దళారి లేకుండా బంగాళాదుంపలు లారీల మీంచి నేరుగా అమ్మితే, దేశమంతా ఆ పద్ధతి పాకింది. మన రైతుబజారు గుర్తొచ్చింది నాకు. 2015 జూన్ ఆఖరున బ్యాంకులు మూసి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలే అన్నారు. మా కఫెనియో ఆయన ఆ మూడు వారాలూ గల్లాపెట్టె తెరిచి పెట్టి, ఉన్నవాడు వేయండి, లేనివాడు తర్వాత వేయండి అన్నాడు.

మా బల్ల దగ్గర ఓ రిటైర్డ్ క్రేన్ ఆపరేటర్ ఉండేవాడు. నాకు తావ్లి నేర్పింది ఆయనే. పెన్షను చిక్కిపోయింది. అదే సమయానికి ఉద్యోగం పోయిన కొడుకు భార్యాపిల్లలతో ఇంటికొచ్చాడు. ఆ ఒక్క పెన్షను మీద ఆరుగురు. ఆ రోజుల్లో గ్రీసులో ఇలాంటి ఇళ్లు లెక్కలేనన్ని. ఆయన కఫెనియోకి రావడం మానేశాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. సంగతి పసిగట్టింది కఫెనియో ఆయనే. కాఫీకి యూరో, యూరోన్నర. ఆ డబ్బు లేకపోవడం కంటే, తన వంతు వచ్చినప్పుడు నలుగురికి ఇవ్వలేకపోవడం ఆయన్ను ఆపేసింది.

ఏం చేయాలని బల్ల దగ్గర పెద్ద చర్చ. ఒకడు, ఆయన వంతు మనం రహస్యంగా కట్టేద్దామన్నాడు. ఇంకొకడు, ఆటలో కావాలని ఓడిపోదామన్నాడు. పక్కన మంగలి షాపు పెద్దాయన ఇద్దర్నీ తిట్టాడు. “ముప్పై ఏళ్లు బరువులు తూచిన మనిషికి మీ దొంగలెక్క తెలియదనుకున్నారా?” అన్నాడు.

చివరికి చేసిందేమిటంటే, తావ్లి పెట్టె పట్టుకుని మేం నలుగురం వెళ్లి, ఆయన ఇంటికి కాస్త దూరంలో, రేవు గట్టు మీదున్న సిమెంటు బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాం. పెట్టె ఎరువిచ్చింది కఫెనియో ఆయనే. నలుగురు ఖాతాదార్లను చేజేతులా బయటికి పంపుకున్నాడు. సాయంత్రం మనవరాల్ని తిప్పడానికి క్రేన్ ఆయన ఆ దారినే వస్తాడు. మొదటి రోజు తల ఊపి వెళ్లిపోయాడు. రెండో రోజు, మూడో రోజు అంతే. నాలుగో రోజు నా వెనక నిలబడి, నేను వేసిన ఎత్తు చూసి భరించలేక, “ఇదా నేను నేర్పింది?” అని నన్ను లేపి కూర్చున్నాడు. వారం తిరక్కుండా ఇంటి నుంచి ఫ్లాస్కులో కాఫీ తెచ్చాడు. ఇంట్లో కాచిన కాఫీకి వంతులు లేవు. నురగ లేదు, చల్లారింది, ఎవరూ మాట్లాడకుండా తాగాం. ఆ బెంచీ దాదాపు రెండేళ్లు నడిచింది. వానాకాలంలో గొడుగులు వేసుకుని కూడా.

ఆయన పేరు పండుగ డిసెంబరులో. రెండో ఏడు ఆ రోజు సాయంత్రం మేం బెంచీ దగ్గరికి వెళ్తే ఆయన లేడు. కఫెనియోలో ఉన్నాడని కబురొచ్చింది. వెళ్లాం. ఇస్త్రీ చొక్కా, పాత కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి అందర్నీ లోపలికి పిలుస్తున్నాడు. ఆ వేళ అక్కడున్న పదకొండు మందికీ, తెలియని ఇద్దరితో సహా, కాఫీ ఆయనదే. లేచేటప్పుడు జేబులోంచి చిల్లర తీసి బల్ల మీద కుప్పగా పోశాడు. అంతా నాణేలే, ఎన్నాళ్ల నుంచి కూడబెట్టాడో.

ఉంచుకో, పండుగ కదా అని కఫెనియో ఆయన అంటాడేమోనని నేను భయపడ్డాను. అనలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, మా అందరి ముందూ ఒక్కో నాణెం లెక్కపెట్టి, పది సెంట్లు తక్కువైందన్నాడు. క్రేన్ ఆయన ఇంకో జేబు వెతికి ఆ పది సెంట్లు కూడా ఇచ్చాడు.